కాటా ముల్లు నిలబడేదాకా

పోయిన నెలలో ఒక ఉదయం నేను చిక్కబళ్ళాపురంలో కాలేజీకి బయలుదేరుతుంటే చింతామణి నుంచి నాయన ఫోను చేశాడు. "మీ అత్త పోయిందమ్మా," అన్నాడు. కాస్త ఆగి, "కాపీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చునిందంట. అంతే," అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. డాక్టరు చూశాడా, నాడి సరిగ్గా పట్టుకున్నాడా అని అడిగాను. నాయన విసుక్కోలేదు. "నువ్వు అడుగుతావని తెలుసు. రెండు తూర్లు చూసినారు," అన్నాడు.

నా అనుమానం మా ఇంట్లో అందరూ నవ్వుకునే విషయం. తాళం వేసి పది అడుగులు పోయి, తిరిగొచ్చి లాగి చూసే మనిషిని నేను. ఆ గుణం ఎక్కడో ఒకచోట పనికొస్తుందని మొదట అన్నది మా అత్త.

ఆమె మా నాయనకు అక్క. రసాయన శాస్త్రంలో డిగ్రీ చదివింది. చింతామణిలో మామకు సిలిండర్ల అంగడి ఉండేది. మామ పోయాక ఆ అంగడి మూసేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె మూడో వారానికి షట్టరు ఎత్తింది. వెల్డింగు చేసేవాళ్ళకు ఆక్సిజన్, సోడా కొట్టేవాళ్ళకు కార్బన్ డయాక్సైడు, ఇంట్లో మంచం పట్టిన రోగులకు ఊపిరి, అన్నీ అక్కడ దొరికేవి. ఊరు దానికి గాలి అంగడి అని పేరు పెట్టింది. "గాలి అమ్ముకుని బతుకుతాంది" అని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. అత్త వాళ్ళ ముందే అనేది: "ఆ, అమ్ముతా. అయితే తూచి అమ్ముతా."

తూచడం కోసం అంగడి దూలానికి ఒక కాటా వేలాడుతుండేది. గుండ్రటి ముఖం, మధ్యలో ఎర్ర ముల్లు, కింద కొక్కెం. లోపలికి వచ్చే ప్రతి సిలిండరూ, బయటికి పోయే ప్రతి సిలిండరూ ఆ కొక్కేనికి ఎక్కాల్సిందే. సిలిండరు మెడ దగ్గర దాని ఖాళీ బరువు అచ్చు గుద్ది ఉంటుంది. మొత్తం బరువులో అది తీసేస్తే మిగిలేది లోపలి గాలి బరువు. సిలిండరు తగిలించగానే ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఆ కాసేపు ఎవరు ఏమడిగినా అత్త చెయ్యెత్తి ఆపేది. "ముల్లు నిలబడనీ."

బాగేపల్లి నుంచి సోడా ఆయన ఒకాయన వచ్చేవాడు. ఆయనతో ప్రతిసారీ ఒకటే తగువు.

"కిలోల లెక్కన దుడ్డు తీసుకుంటావు, గాలి ఇస్తావు. ఇదేం బేరమమ్మా?"

"గాలి కాదప్పా, లోపల నీళ్ళ మాదిరి ఉండాది. బయటికొస్తే గాలి అయితాది. కిలోకి ఐదు నూర్ల లీటర్ల పైనే."

"మరి మీటరు చూసి ఇయ్యరాదా?"

"లోపల తడి ఉన్నంత సేపూ ఆ మీటరు కదల్దు. ముక్కాలు ఖాళీ అయినా నిండుగా ఉండానంటాది. మన ఊరి పెద్దమనుషుల మాదిరి."

ఆయన నవ్వి సిలిండరు ఎత్తుకునేవాడు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అదే ప్రశ్న.

నాకు ఆమె ఈ లెక్కలన్నీ వస్తువులతో చెప్పింది. ఒక చెంబుడు ద్రవ ఆక్సిజన్ గాలిగా మారితే పెరట్లో ఉన్న నీళ్ళ డ్రమ్ములు నాలుగు నిండి ఇంకా మిగులుతుంది. అదే ఆక్సిజన్‌ని కిలోల్లో చెబితే లెక్క మారుతుంది, ఎందుకంటే లీటరు ద్రవం కిలో కన్నా బరువు. "కిలోనూ లీటరునూ ఒకటనుకున్నావా, లేని గాలిని ఉండాదనుకుంటావు" అనేది. కిలోకి ఏడున్నర నూర్ల లీటర్లు వస్తుందని తెలిసినా, రోగుల దగ్గర మాత్రం ఏడు నూర్లే కట్టేది. "ఉండేదాన్ని తక్కువ లెక్కేసుకో, కావాల్సినదాన్ని ఎక్కువ లెక్కేసుకో." ఈ మాట నేను ఇంటి ఖర్చుల్లో, పరీక్ష పేపర్లలో, మనుషుల మీద పెట్టుకునే ఆశల్లో కూడా వాడుకున్నాను. చివరిదాంట్లో అది సరైన సూత్రమో కాదో నాకింకా తేలలేదు.

అంగడిలో ఉన్నంత సేపు ఆమె తలకు నూనె రాసేది కాదు. ఆక్సిజన్ ఉన్న చోట నూనె జిడ్డు నిప్పుతో సమానమని ఆమె భయం. బజ్జీ తిన్న చేత్తో ఎవరైనా వాల్వు ముట్టుకోబోతే దెబ్బ పడేది, వయసు చూసేది కాదు.

ఒక ఆదివారం నేను అక్కడే ఉండగా బట్లహళ్ళి నుంచి టొమాటో రైతు ఒకతను సిలిండరుతో వచ్చాడు. అతని తండ్రి బండలు కొట్టే పనిలో దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ముక్కుకు గొట్టం లేనిదే గడవదు. మరుసటి రోజు విదురాశ్వత్థంలో మనవరాలి పెళ్ళి. ముసలాయన పోయి తీరతానని పట్టుబట్టాడు.

"అక్కా, దీని మీద పది లీటర్లని ఉండాది. డాక్టరేమో నిమిషానికి రెండు లీటర్లన్నాడు. ఐదు నిమిషాల్లో అయిపోతాది గదా! ఊరి పొలిమేర కూడా దాటలేము."

అత్త పడీ పడీ నవ్వింది. "అది నీళ్ళు పోస్తే పట్టే కొలతప్పా. దాంట్లోనే నూటాయాభై వంతులు గాలి అణిచి కూరింటారు. నిండుగా ఉంటే పన్నెండు గంటలు వస్తాది."

అతని ముఖం విప్పారింది. మీటరు నిండుగా చూపిస్తున్నదని, ఇక బయలుదేరతానని లేచాడు. నాకు ఏదో కుదరలేదు. నెమ్మదిగా అడిగాను: "ఈ వారంలో వాడినారా?"

"కరెంటు పోయి ఇంట్లో గాలి మిషను ఆగినప్పుడంతా ఇదే కదమ్మా."

"ఇందులో ఉండేది నీళ్ళు కాదు, గాలే. వాడితే మీటరు దిగాలి కదా, ఇంకా నిండుగానే ఉందా?"

అత్త నా వైపు చూసింది. మీటరు విప్పి పక్కన పెట్టి, సిలిండరును కొక్కేనికి తగిలించింది. అతను గొణుగుతూనే ఉన్నాడు, అత్త చెయ్యెత్తింది. ముల్లు నిలబడింది. ఖాళీ బరువు తీసేస్తే మిగిలింది ముప్పాతిక కిలో కూడా లేదు. నాలుగు గంటల ఊపిరి. పోయి రావడానికే ఆరు గంటల దారి. విప్పి పెట్టిన మీటరు ముల్లు మాత్రం ఇంకా నిండు గీత మీదే ఇరుక్కుని ఉంది.

అతను కూలబడ్డాడు. "వద్దంటే నాయన ఇంక నాతో మాట్లాడడు" అన్నాడు. "వద్దని ఎవురన్నారు?" అంది అత్త. రెండు నిండు సిలిండర్లు తూచి పెట్టింది, మీటరు కొత్తది బిగించింది. "తూచింది నేను, నేనే వస్తా" అని మరునాడు వాళ్ళ కారులో ఎక్కింది. నన్నూ ఎక్కించుకుంది.

పెళ్ళి జరిగే చౌట్రీలో హోమం దగ్గరికి ఆయన్ని పోనివ్వలేదు. గాలి వీచే వైపు చూసి, నిప్పుకు దూరంగా వాకిలి పక్కన కుర్చీ వేయించింది. కొందరు బంధువులు ముఖం చిట్లించారు. అత్త పట్టించుకోలేదు. తాళి కట్టించుకున్నాక పెళ్ళికూతురే పెళ్ళికొడుకును వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి నడిచి వచ్చింది. ఆయన అక్షతలు వేసి, అత్త వైపు తిరిగాడు. "టొమాటోలు తూచినట్ల నా ఊపిరి తూచేస్తివి గదమ్మా! కిలో ఎంత పలికినాది?"

"నీ ఊపిరికి మార్కెట్లో రేటు లేదులేప్పా" అంది అత్త. ముగ్గురమూ నవ్వాము. ఆయనకు నవ్వితే దగ్గు, దగ్గుతూనే నవ్వాడు.

తిరుగు దారిలో అత్త ఆయనతో నా గురించి చెప్పింది. "మా పాపకు ముల్లు నిలబడేదానికి టైం పడ్తాది. ఊరికే ఊగుతుంటాది. నిలబడితే మాత్రం సరిగ్గా నిలబడ్తాది." నాకు కాలేజీలో వచ్చిన ఏ పొగడ్తా ఆ మాటంత ఎత్తుకు ఎత్తలేదు. ఆమె మేనకోడలినని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. దాంట్లో మాత్రం నాకు అనుమానం లేదు.

పదకొండో రోజు కర్మలు అయ్యాక అందరమూ అంగడిలో కూర్చున్నాము. షట్టరు సగం ఎత్తి ఉంది. బట్లహళ్ళి రైతు వంగి లోపలికి వచ్చి, అత్త ఫోటోకు దండం పెట్టి, గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఈ పొద్దు అడగకూడదు. అయితే నాయనకు..."

నేను లేచి చేతులు సబ్బుతో కడుక్కున్నాను. గోడ వారన ఉన్న నిండు సిలిండరు అతను ఎత్తితే నేను కొక్కేనికి తగిలించాను. ఎర్ర ముల్లు గీత దాటి పోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది. నాయన ఏదో అనబోయాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. అంగడి నిండా ఇంతమందిమి ఉన్నాము. అందరమూ తలెత్తి ఆ ముల్లును చూస్తూ నిలబడ్డాము. అది ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉంది.