కనపడినంతసేపూ

ఇబ్రహీంపట్నం జాన్‌బాబుగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మం దగ్గర వదిలెయ్యడం ఆయనకు చేతకాదు. బీపీ లేదు, షుగరు లేదు. థర్మల్ స్టేషన్‌లో రిటైరయ్యేదాకా పనిచేసినా దగ్గు కూడా లేదు. ఇదొక్కటే. ఎవరన్నా "వెళ్ళొస్తామండీ" అని లేచారా, ఆయన కాళ్ళు చెప్పుల కోసం వెతుక్కుంటాయి.

"సందు చివరిదాకా వస్తాను, పదండి" అంటారు. సందు చివరికి చేరాక, "ఇంతదూరం వచ్చాం, బస్‌స్టాపు ఎంతలెండి" అంటారు. బస్సు రాగానే, "మీకు సీటు దొరికిందో లేదో చూసి దిగిపోతాను" అని తానూ ఎక్కుతారు. పెద్దా చిన్నా తేడా లేదు. కరెంటు మీటరు చూసే కుర్రాడు ఒకడుండేవాడు. పాపం, ఇంకా పక్కింటి మీటరు చూడాల్సి ఉన్నా ఈయన మాట కాదనలేక బస్సెక్కి వెళ్ళిపోయేవాడు.

"దొంగ వచ్చినా సరే, మూట అందుకుని మెయిన్‌రోడ్డు దాకా దిగబెట్టి వస్తాడు మా ఆయన" అంటారు భార్య శౌరమ్మగారు. ఆమె కడుపుమంట ఆమెది. పెళ్ళయిన రోజు ఆమె పుట్టింటివాళ్ళని సాగనంపడానికి బయల్దేరిన పెళ్ళికొడుకు, కబుర్లలోపడి వాళ్ళతోపాటు కంకిపాడు వెళ్ళిపోయి, అక్కడ మావగారు "అల్లుడుగారూ, మరి మా అమ్మాయేదీ?" అనేదాకా తేరుకోలేదట.

ఇంకోసారి చర్చికి వచ్చిన అతిథిని బెజవాడ స్టేషన్‌లో రైలెక్కించడానికి వెళ్ళారు. సూట్‌కేసు సీటుకింద సర్ది, కిటికీ తలుపు ఎత్తి, నీళ్ళ సీసా మూత గట్టిగా ఉంటే తీసిపెట్టి దిగబోయేసరికి రైలు గుణదల దాటిందో, ఇంకెంత దూరం పోయిందో ఆయనకే తెలీదు. ఏలూరు నుంచి ఇంటికి ఫోన్.

"శౌరీ, అన్నం మూతపెట్టి ఉంచు. రావడం కొంచెం ఆలస్యం."

"ఏలూరులో ఏం పనయ్యా నీకు? తర్వాతి బండికి వచ్చెయ్యి!"

"వచ్చేద్దును. ఇక్కడొక ముసలాయన తుని వెళ్తన్నాడు. ఎక్కించి వస్తా."

ఈ మావయ్యకు మేనకోడలుగా పుట్టడం హెప్సిబా చేసుకున్న పుణ్యమో, ఖర్మో అప్పట్లో ఆ పిల్లకు తేలలేదు. పక్కిల్లే. కాలేజీకి బస్సెక్కిన ప్రతిరోజూ ఆయన స్టాపులో నిలబడి, బస్సు కనపడినంతసేపూ చెయ్యి ఊపుతూనే ఉండేవారు. "మీ మావయ్య ట్రాఫిక్ పోలీసా?" అని స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. అందుకని హెప్సిబా బస్సెక్కిందంటే చచ్చినా వెనక్కి తిరిగేది కాదు.

అసలే నెమ్మదిపిల్ల. క్లాసులో హాజరు పలికినా పక్కబెంచీకి వినపడదు. అలాంటిది కాలేజీలో జపనీస్ నేర్చుకుని, ఒక సెమిస్టరు జపాన్‌లోనే ఉండి భాషా సంస్కృతీ చదువుకునే అవకాశం కొట్టింది! ఇంట్లో ప్రార్థనలు, కారప్పొడి ప్యాకింగులు. హెప్సిబా ముందే మాట తీసుకుంది.

"మావయ్యా, నువ్వు బెజవాడ స్టేషన్ దాకానే."

"అంతేనమ్మా. స్టేషన్ దాకానే."

తీరా రైలు కదిలాక చూస్తే ఎదురు బెర్తులో దుప్పటి పరుచుకుంటూ ఆయన.

"ఏందిది మావయ్యా!"

"హైదరాబాదులో కూడా స్టేషనుందిగా."

శంషాబాద్‌లో టికెట్ లేనివాళ్ళని లోపలికి రానివ్వం అన్నాడు గేటు దగ్గర జవాను. "నేను ఎక్కనండీ, ఎక్కించి వచ్చేస్తాను" అన్నారు జాన్‌బాబుగారు. "విమానం ఎక్కించడానికి వేరే వాళ్ళున్నారు అంకుల్" అన్నాడతను. లైన్లో వాళ్ళంతా నవ్వారు. హెప్సిబా సిగ్గుతో తలవంచుకుని పెట్టె తోసుకుంటూ లోపలికి నడిచింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తానని కూడా తెలుసు.

ఒకాయామా దగ్గర చిన్న ఊళ్ళో, మోరీసాన్ అనే పెద్దావిడ ఇంట్లో బస. సాన్ అంటే మన 'గారు'. చుట్టూ వరిపొలాలు, అచ్చం కంకిపాడే. కాకపోతే గట్టుమీద కేకేసి పలకరించేవాడు ఒక్కడూ లేడు. బెజవాడ క్లాసులో గడగడా చదివిన జపనీస్ ఇక్కడ గొంతులోనే ఇరుక్కుంది. మేష్టారు ప్రశ్న వేస్తే నవ్వుతుంది, జోకు వేస్తే నోట్సు రాసుకుంటుంది. మోరీసాన్ చూస్తే బహు మితభాషి. పొద్దున బయల్దేరేటప్పుడు "ఇత్తెకిమాస్" అనాలి, అంటే వెళ్ళొస్తాననే. ఆవిడ "వెళ్ళిరా" అంటుంది. రోజు మొత్తానికి హెప్సిబా తడబడకుండా మాట్లాడేది ఆ ఒక్క ముక్కే.

నెల తిరక్కుండానే పిల్లకు బెంగ ముదిరింది. నావల్ల కాదు, పంపించెయ్యండని యూనివర్సిటీ ఆఫీసులో చెప్పేద్దామనుకుంది. ఇప్పుడు వెనక్కెళితే సీటు పోతుంది. అంతకన్నా, ఇంకోసారి ఊరు దాటే ధైర్యం జన్మలో రాదు. అదీ తెలుసు. అయినా సరే అనుకుని ఒక మబ్బుపొద్దున బయల్దేరింది. పొలాల మలుపు దాకా వెళ్ళాక వాన మొదలైతే గొడుగు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

గేటు ముందు మోరీసాన్. ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి ఊపుతోంది. వీధిలో ఇంకెవరూ లేరు. హెప్సిబాకే!

పరిగెత్తుకుంటూ వెళ్ళి, వచ్చిన ముక్కలన్నీ కూడగట్టి అడిగింది: "రోజూ నిలబడతారా?"

"రోజూ," అందావిడ. "మలుపు తిరిగేదాకా. కనపడినంతసేపూ."

హెప్సిబా ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆవిడ కంగారుపడి గొడుగు పిల్లమీదకు వంచి తాను తడిసిపోయింది. ఆఫీసుకు వెళ్ళేముందు హెప్సిబా ఇంటికి ఫోన్ చేసింది.

"మావయ్యా, ఆ రోజు ఎయిర్‌పోర్టులో ఎంతసేపున్నావ్?"

"నీ విమానం లేచేదాకా ఉన్నా."

"అది నాదేనని నీకెట్టా తెలుసు?"

"తెలీదుగా! అందుకని లేచిన ప్రతిదానికీ ఊపా."

"నేనసలు వెనక్కే చూడలేదు మావయ్యా."

"దాందేముందమ్మా. వెళ్ళేవాళ్ళకి ఎక్కడో ఒకచోట వెనక్కి చూడాలనిపిస్తుంది. ఎక్కడ చూస్తారో మనకేం తెలుసు? చూసినప్పుడు అక్కడ మనిషి లేకపోతే ఎట్టా?"

హెప్సిబా ఆఫీసుకు వెళ్ళలేదు, క్లాసుకు వెళ్ళింది. మేష్టారు మీ ఊరి సంగతి చెప్పమంటే, మావయ్య ఏలూరు వెళ్ళిన కథ వచ్చీరాని జపనీస్‌లో చెప్పింది. పక్కబెంచీకే కాదు, పక్కగదికీ వినపడింది. సెమిస్టరు పూర్తిచేసింది. మధ్యలో ఒకటే పొరపాటు చేసింది. మావయ్యకీ మోరీసాన్‌కీ వీడియోకాల్ కలిపింది. ఇద్దరికీ ఫోన్ పెట్టెయ్యడం చేతకాదు! అవతలివాళ్ళు కనపడుతున్నారు కదా అని ఆవిడ అక్కడ వంగి వంగి దణ్ణాలు, ఈయన ఇక్కడ చెయ్యి ఊపుడు. చివరికి శౌరమ్మగారు ఫోన్ లాక్కుని, "ఆవిడ నడుము పట్టేస్తుందయ్యా!" అని కట్ చేశారు.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకు జాన్‌బాబుగారు కంకిపాడులో పెళ్ళికి ఒక్కరే బయల్దేరారు. "పద మావయ్యా, బస్సెక్కిస్తా" అంది హెప్సిబా.

"నన్నా? నన్నెందుకమ్మా, ఎండ!" అని తెగ ఇదైపోయారు. ఇన్నేళ్ళుగా అందర్నీ సాగనంపి చివరికి మిగిలిపోయే మనిషిని సాగనంపడానికి ఇంకెవరుంటారు? బెజవాడ బస్టాండులో సీటు చూసి కూర్చోబెట్టి, హెప్సిబా దిగి గేటు దాకా వచ్చింది. బస్సు కదిలింది. కిటికీలోంచి సగం మనిషి బయటికొచ్చి వెనక్కే చూస్తున్నారాయన, చిన్నపిల్లాడి మొహం వేసుకుని. చుట్టూ జనం చూస్తున్నా హెప్సిబా బస్సు కనపడినంతసేపూ చెయ్యి ఊపుతూనే నిలబడింది.

ఇంక వెళ్దామని తిరగబోతుంటే ఎదురుగా ఎండలో రొప్పుతూ వస్తున్నారు జాన్‌బాబుగారు. పక్క స్టాపులో దిగేశారు.

"ఏమైంది మావయ్యా?"

"నన్నెక్కించావు, బానే ఉంది. మరి నిన్నెవరు ఎక్కిస్తారు? పద, ఆటో చూస్తా."

ఆటో మాట్లాడి, ఎక్కించి, చెయ్యి పైకెత్తారు. అది కదలకముందే హెప్సిబా వెనక్కి తిరిగి కూర్చుంది.