బుధవారం పొద్దుగూకింది మొదలు సోమవారం తెల్లారేదాకా

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఆటలు ముగిసిన మరుసటి సంవత్సరం. అప్పుడు నేను గల్ఫ్‌లో, అల్ వక్రా అనే ఊళ్లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంప్‌లో మెస్‌కి వండేదాన్ని. మెస్ అంటే హోటలు కాదు. తినేవాళ్లంతా కంపెనీ మనుషులే. అందరికీ ఒకటే వంట, ఒకటే హాలు. మా ఆయన పోయాక, అమ్మాయి నర్సింగు చదువు ఆగకూడదని నరసాపురం నుంచి వచ్చాను. అక్షరాలు కూడబలుక్కోవడమే తప్ప రాయడం రాదు. ఇది కూడా నేను చెబుతుంటే పక్క గది అమ్మాయి రాస్తున్నదే.

వంట కష్టం కాదు. వడ్డన కష్టం. క్యాంప్ ఇన్‌చార్జి సుధాకర్ మా గోదావరివాడు, నాకు ఈ పని ఇప్పించినవాడు. గంగారాం నిజామాబాద్ వైపు మేస్త్రీ. పగలంతా ఎవరి సైటు వాళ్లది. ఇద్దరూ ఎదురుపడేది నా హాల్లోనే.

“పోయిండు, వచ్చిండు లేకుండా ఒక్క ముక్క మాట్లాడలేవా గంగారాం?” అనేవాడు సుధాకర్.

“మీ పులుసు లెక్క సాగదీసుడు నాకు రాదు సార్. శుక్రారం డ్యూటీకి మా పేర్లే ఎందుకు రాస్తున్నవో అది చెప్పు. మీవోళ్లకు సెలవు, మాకు యల్లా యల్లా అని తరుముడా?”

అక్కడితో పళ్లేలు లేచేవి. ఒకసారి ఒకతని నుదురు చిట్లింది. ఆఫీసు మేనేజర్ వచ్చి తేల్చి చెప్పేశాడు. ఇంకొక్క గొడవ జరిగితే మెస్ మూత, బయటి నుంచి పొట్లాలు తెప్పిస్తారు, నన్ను ఇంటికి పంపేస్తారు. అమ్మాయికి అది ఆఖరి సంవత్సరం.

ఆ రోజుల్లోనే సుధాకర్ వాళ్ల నాన్న విజిట్ వీసా మీద వచ్చారు. పాస్టర్లని తయారుచేసే కాలేజీలో సంఘ చరిత్ర చెప్పిన మాస్టారు. పొద్దుపోక వంటింట్లో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని, వెల్లుల్లి వలుస్తూ కబుర్లు చెప్పేవారు.

“వెయ్యేళ్ల కిందట ఫ్రాన్సులో ప్రతి దొరా పక్క దొర చేలు తగలబెట్టేవాడు మరియమ్మా. రాజు మాట ఎవడూ వినడు. అప్పుడు బిషప్పులూ మఠాల పెద్దలూ మధ్యలోకి వచ్చారు.”

“వాళ్లకి సైన్యం ఉందాండీ?”

“లేదు. అందుకే తెలివిగా అడిగారు. యుద్ధం మానెయ్యమంటే ఎవడూ మానడు కదా! బుధవారం పొద్దుగూకింది మొదలు సోమవారం తెల్లారేదాకా కత్తి తియ్యనని ఒట్టు వేయించుకున్నారు. గురువారం ప్రభువు కడరా భోజనం, శుక్రవారం సిలువ, శనివారం సమాధి, ఆదివారం లేచిన రోజు. ఒట్టు తప్పితే బల్లలో చెయ్యి లేదు, గుళ్లో ప్రభువు రొట్టె పెట్టరు.”

“విన్నారా మరి?”

“అందరూ వినలేదులే. ఆ పెద్దల్లోనూ భూములకి ఆశపడ్డవాళ్లు ఉన్నారు. అయినా ఆ నాలుగు రోజులూ కొన్ని ఊళ్లలో రైతు భయం లేకుండా దున్నుకున్నాడు.” మఠాల్లో ఇంకో పద్ధతి ఉందని కూడా చెప్పారు. తప్పు చేసిన సన్యాసికి తిండి మాన్పించరట. అందరూ తిన్నాక ఒక్కడే తినాలట.

షేరీ చేప పొలుసు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది. దండూ దళం లేనివాళ్లు దొరల్ని ఆపారంటే నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఆ బుధవారం సాయంత్రం హాల్లో నిలబడి రెండు పద్ధతులూ చెప్పి, ఇకనుంచి ఇక్కడా అంతే అన్నాను.

గంగారాం వేళ్లు మడిచాడు. “గురారం సాయిబాబా, శుక్రారం లచ్చిమి, శనారం ఎంకన్న, ఐతారం మా ఎల్లమ్మ. మాకు గూడ మంచిగనే కలుస్తున్నయ్ అక్కా.”

“అయితే కొట్టుకునేదెప్పుడోయ్?” అన్నాడు సుధాకర్.

“మంగళారం పెట్టుకుందాం సార్. డ్యూటీ చేసొచ్చినంక లేవబుద్ధైతే!”

హాలంతా నవ్వింది. కొన్ని వారాలు నిజంగానే నిలబడింది. తరవాత ఒక శుక్రవారం నాడు డ్యూటీ మాట మళ్లీ వచ్చింది. సుధాకర్ లేచి, గంగారాం ముందున్న పళ్లేన్ని చేత్తో కొట్టాడు. పులుసు గోడకి చిమ్మింది. గంగారాం పిడికిలి బిగించాడు గాని లేవలేదు. నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు.

“లే సుధాకర్ బాబూ. అందరూ తిన్నాక తిందువుగాని.”

“ఎవరితో మాట్లాడుతున్నావు? నిన్ను తెచ్చింది నేను. రేపే పంపించగలను.”

“పంపించు బాబూ. ఇవాళ మాత్రం లే.”

సుధాకర్ తండ్రి వైపు చూశాడు. మాస్టారు తల దించుకుని ముద్ద కలుపుకుంటున్నారు. సుధాకర్ తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు.

అందరూ చేతులు కడుక్కున్నాక తిరిగొచ్చాడు. ఆ పొడుగు బల్ల చివర ఒక్కడే కూర్చున్నాడు. వేడన్నం, పెద్ద ముక్క వేసి పెట్టాను. గంగారాం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“తిను సార్, సల్లారిపోతది. పేర్ల సంగతి తిన్నంక మాట్లాడుదాం.”

సుధాకర్ సగం తిని ఆగాడు. “వచ్చే శుక్రవారం మావాళ్ల పేర్లు రాస్తాను. ఆ పై వారం మీవి,” అన్నాడు. మెస్ మూతపడలేదు. నన్ను ఎవరూ పంపలేదు.

విడిగా కూర్చోబెట్టిన సన్యాసి దగ్గరికి మఠం పెద్ద గుట్టుగా ఒక అనుభవజ్ఞుణ్ణి ఓదార్పుకి పంపేవాడట. మాస్టారు ఆ సంగతి నాకు తరవాత చెప్పారు. మనిషిని బల్ల దగ్గర నుంచి లేపడమే ఆ పెద్దల గొప్ప అనుకున్నాను నేను. తిరిగి కూర్చోబెట్టుకునే దారి కూడా వాళ్లు ముందే ఆలోచించి పెట్టారు. ఆ రోజున నాకు ఆ సగం తెలియదు. గంగారాంని నేను పంపలేదు, తనంతట తనే వచ్చి కూర్చున్నాడు.