పొదుగు పెట్టను తిరిగిచ్చిన మర్నాడు

వీధిలో అందరూ ఆవిడను కత్తెరమ్మ అంటారు. బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టడం ఆవిడ పని. నోరు కూడా కత్తెరలాంటిదే కావడంతో ఆ పేరు స్థిరపడిపోయింది. కొలత తప్పిందని గొడవకొచ్చిన మగవాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసిన మనిషి. అలాంటి మనిషికి ఆ ఆదివారం పొద్దున, పెరట్లో ఒక కోడిపుంజును చూసి ముచ్చెమటలు పట్టాయి.

పుంజు గోడవార ముడుచుకుని కూర్చుంది. రెక్కలు వేలాడేసింది. చుట్టూ ఆకుపచ్చటి రెట్ట. మెడ వంకర తిప్పి, నోరు తెరిచి ఊపిరి లాగేసరికి కత్తెరమ్మ గుండె గుభేలుమంది. కొక్కెర తెగులు. పోయినేడు రెండు వీధుల అవతల ఒకరింట్లో, వారం తిరక్కుండా గూడంతా ఊడ్చుకుపోయింది దీనితోనే. ఈ ఏడాది టీకాలు ఇంకా ఎవరి కోళ్లకూ పడలేదు.

ఆవిడకు కోళ్ల పెంపకం నేర్పింది గోడ అవతలి పోస్టమ్మ. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం, ఇంట్లోనూ అదే బుద్ధి. ఏ పెట్ట ఎవరి కూతురో, దాని అమ్మమ్మ ఎవరో తడుముకోకుండా చెబుతుంది. తొమ్మిదేళ్ల కిందట ఒక్క పెట్టతో మొదలుపెట్టి ముప్పై ఒక్కటి చేసింది. ఆవిడ చెప్పిన మొదటి పాఠం, బయటి నుంచి వచ్చిన కోడి ఎంత కళగా ఉన్నా సరే, పదిహేను రోజులు విడిగా ఉంచాలని.

కోళ్లు పెంచుతున్న ఈ మూడేళ్లూ కత్తెరమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. బుధవారం సంతలో ఈ పుంజు కనబడగానే మతి పోయింది. ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక, ఆ నడక! ఇంత బాగున్నదానికి రోగమేమిటిలే అనుకుని, తెచ్చి నేరుగా పెట్టల మధ్య వదిలేసింది. తప్పని తెలుసు. తెలుసు కాబట్టే పోస్టమ్మకు చెప్పలేదు.

అంతటితో పోయినా బాగుండేది. కత్తెరమ్మ పెట్టలు గుడ్లు పెడతాయే గానీ కుదురుగా కూర్చుని పొదగవు. ఆ విషయంలో యజమానురాలికి ఏమీ తీసిపోవు. అందుకని ఏటా పోస్టమ్మ తన పొదుగు పెట్టను ఓ నెల ఇస్తుంది. గుడ్లు పిల్లలయ్యాక, సగం పిల్లలతో ఆ పెట్ట తిరిగి వెళ్లాలి. ఈసారీ వెళ్లింది, నిన్న సాయంత్రమే. ఈ పుంజు మూతిపెట్టిన పళ్లెంలోనే మూడు రోజులు నీళ్లు తాగి, ఏడు పిల్లలను వెంటేసుకుని మరీ వెళ్లింది.

కత్తెరమ్మ ఉన్నచోటే చతికిలబడింది. ఎవరూ చూడలేదు. పుంజును గొయ్యి తీసి పాతేస్తే సరి. రేపు పోస్టమ్మ కోళ్లు రాలిపోతుంటే పక్కన కూర్చుని తనూ ఏడవొచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా అది పోలేదు. కట్టుకున్నవాడికి చెప్పుకోలేని సంగతులన్నీ ఆ గోడ దగ్గరే పోస్టమ్మతో చెప్పుకుంది. ఆ మనిషి మొహం తిప్పుకుంటే ఈ వీధిలో తనకింకెవరున్నారు?

ఒక్కటే ఆశ. పోస్టమ్మ పద్ధతి తప్పని మనిషి. ఆ పెట్ట ఇంకా విడిగా గంప కిందే ఉండి ఉంటుంది. ఇప్పుడు చెబితే మిగతా ముప్పయ్యీ దక్కుతాయి. కత్తెరమ్మ లేచి గోడ వైపు నడిచింది.

"అక్కా!"

"ఏమే, పొద్దున్నే ఆ అరుపేంటి?" గింజల గిన్నెతో వచ్చింది పోస్టమ్మ. "పిల్లలు ఏడూ భేషుగ్గా ఉన్నాయి. రా, చూద్దువుగాని."

"నేను రాను. నువ్వూ దగ్గరికి రాకు." కత్తెరమ్మ గోడ పట్టుకుంది. "బుధవారం సంత నుంచి పుంజును తెచ్చానక్కా. విడిగా పెట్టలేదు. ఇప్పుడది మెడ తిప్పేస్తోంది. రెట్ట ఆకుపచ్చగా ఉంది."

పోస్టమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నీ పెట్ట గంప కిందే ఉందిగా? చెప్పక్కా! ఎవరింటి నుంచి వచ్చినా పదిహేను రోజులు విడిగా పెడతావుగా!"

"ఎవరింటి నుంచి వచ్చినా పెడతాను," అంది పోస్టమ్మ మెల్లగా. "మా చెల్లెలు తెచ్చినదాన్ని కూడా పెట్టాను. నీ దగ్గర్నుంచి వచ్చిందని పెట్టలేదే. రాత్రి అన్నిటితోపాటు గూట్లోనే పడుకుంది."

నాలుగు తిట్లు తిట్టినా కత్తెరమ్మ ప్రాణం కుదుటపడేది. పోస్టమ్మ తిట్టలేదు. పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. మధ్యాహ్నం వస్తాననీ, ఈలోగా నలతగా ఉన్నవాటిని వేరు చేయమనీ అన్నాడాయన. ఆవిడ గూటి ముందు కూర్చుని ఒక్కోదాన్ని పట్టి కళ్లు చూసింది, నోరు తెరిచి చూసింది, తోక కింద చూసింది.

"బాగుందా అక్కా?" అని ప్రతిదానికీ అడుగుతూనే ఉంది కత్తెరమ్మ గోడ ఇవతల నుంచి. పోస్టమ్మ తర్వాతిదాన్ని అందుకునేది.

పదకొండోది చేతిలోంచి జారి, రెక్కలు కొట్టుకుంటూ మూలకు పరుగెత్తింది. దాని వెంట రెండడుగులు వేసి, రొప్పుతూ, "కాస్త ఇటు రావే, దీన్ని పట్టుకో," అంది పోస్టమ్మ అలవాటుగా.

కత్తెరమ్మ గోడ మీద చెయ్యి వేసి కాలు ఎత్తింది.

"వద్దు," అంది పోస్టమ్మ. "రాకు."