అప్పలరాజు గారి ఖాళీ గడులు

నేను ఆడిన బేరాలన్నింటిలో గొప్పది ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను. ఒక మనిషి పదకొండేళ్లు రాసిన పుస్తకాలను పాత కాగితాల వ్యాపారికి కిలోకు అర్ధరూపాయి ఎక్కువకు అంటగట్టాను. కాటా మీద అతని వేలు ఆననివ్వలేదు. మోత కూలి కూడా అతని నెత్తినే వేశాను. కంచరపాలెంలో మా నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, ఆ మాత్రం చేయకపోతే ఇంటికి అప్రతిష్ఠ. మొన్న మధ్యాహ్నం చేపల రేవు దగ్గరి సబ్‌స్టేషన్ ముందు నుంచి నడిచి వెళ్తుంటే సముద్రపు గాలి ఉన్నట్టుండి పడిపోయింది. ఎండుచేపల వాసన కదలకుండా నిలబడిపోయింది. కాసేపటికి ప్రహరీ వెనక ట్రాన్స్‌ఫార్మర్ల రొద ఒక పిసరు చిక్కబడింది. లోడు పెరుగుతోందని నా చెవికి తెలిసిపోయింది. ఆ చెవి నాది కాదు. ఆ పుస్తకాలు రాసిన అప్పలరాజు గారిది.

తొంభైల నడుమ నేను అక్కడ సబ్ ఇంజనీరుగా చేరేసరికి ఆయన షిఫ్టు ఆపరేటరు. రేవు పక్క జాలరిపేట మనిషి. అన్నదమ్ములంతా వేటకు పోతే ఆయనొక్కరూ మీటర్ల ముందు కూర్చున్నారు. పదిమందిలో నన్ను సార్ అనేవారు, ఎవరూ లేనప్పుడు సావుకారు అనేవారు. ప్రతి గంటకూ ఏ లైను ఎంత కరెంటు లాగుతోందో చూసి పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. ఒక గంట తప్పిపోతే పై అంకెకూ కింది అంకెకూ మధ్యన ఏదో ఒకటి వేసేయడం మా అందరి ఆచారం. ఆయన మాత్రం ఆ గడి ఖాళీగా వదిలి, వరుస చివర ఉన్న గడిలో కారణం రాసేవారు. ‘టీకి వెళ్లితిని.’ ‘కన్ను అంటుకున్నది.’ తనిఖీకి వచ్చినవాళ్లు చూస్తే నా పరువేం కావాలి? నింపెయ్యమని బతిమాలాను.

“నాను సూడని అంకె నానెలా రాత్తాను సావుకారూ? మీ కొట్లో తూకం ఎయ్యకుండా పొట్లం కట్టీసి ఇత్తారేటి?”

మా కొట్టు సంగతి ఆయనకు తెలియదు గనక సరిపోయింది.

ఆ చివరి గడిలో ఇంకా ఏవేవో ఉండేవి. గాలి మళ్లిందని, కొండ మీద ఉత్సవానికి జనం వెళ్లిపోయారని, చేపలు పాడవకుండా బోట్లకు మంచుగడ్డలు ఎక్కిస్తున్నారని. ఇదేం డైరీ అని నవ్వాను. ఒకరోజు ఆయన, మీ వీధివాళ్లందరూ ఒకే గంటలో పంచదారకు వస్తే ఏం చేస్తారని అడిగారు. అంత సరుకు ఏ కొట్లోనూ ఉండదు, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం వస్తారన్న ధీమా మీదే కొట్టు నడుస్తుంది అన్నాను.

“కరెంటూ అంతే. ఆ ధీమా మీదే ఈ ట్రాన్స్‌ఫార్మర్ నిలబడతంది. అందరూ ఒక్కసారే వచ్చీ రోజేదో తెలుసుకోవాల. సగటు సూసుకుని కూకుంటే ములిగిపోతాం.”

గణాంకశాస్త్రంలో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయని తర్వాత చదువుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ పంచదారతోనే.

రెండు వేల సంవత్సరం దాటాక ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. పాత పుస్తకాల్లోని అంకెలు ఎక్కిస్తే రేపటి లోడు ఎంతో అదే చెబుతుందన్నారు. ఎక్కించే పని నాకు పడింది. దానికి ఖాళీ గడి గిట్టదు, మాటల గడి అసలే లేదు. మాటలు వదిలేశాను, ఖాళీలను సగటుతో నింపాను. కంప్యూటరు గీసిన లోడు గీత నున్నగా వచ్చింది. పైవాళ్లు భుజం తట్టారు. అప్పటికే రిటైరైన అప్పలరాజు గారు ఒకసారి వచ్చి, చివరి గడి ఎక్కడ పెట్టావని అడిగారు. కంప్యూటరుకు మాటలు అక్కర్లేదన్నాను. ఆ నెలలోనే పుస్తకాలు కాటా ఎక్కాయి.

మరుసటి వేసవిలో, చేపల వేట మీద నిషేధం ముగిసే ముందు రోజు నా గీత మామూలు లోడే చూపించింది. దాన్ని నమ్మి, ఉన్న రెండు ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకదాన్ని మరమ్మతుకు విప్పించాను. మధ్యాహ్నం గాలి పడిపోయింది, ఇళ్లలో ఫ్యాన్లూ కూలర్లూ జోరందుకున్నాయి. తెల్లారితే బోట్లు బయల్దేరాలి గనక రేవులోని ఐసు ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారే తిరగడం మొదలెట్టాయి. మిగిలిన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు రోజులు రేవుకు కరెంటు లేదు. నలభై అయిదు రోజులు ఒడ్డున పస్తులున్న బోట్లు మంచు లేక మరో రెండు రోజులు ఒడ్డునే నిలబడ్డాయి. అందులో అప్పలరాజు గారి తమ్ముడి బోటూ ఉంది.

ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద వల బాగుచేస్తున్నారు. పుస్తకాల్లో ఈ రోజు గురించి ఉండేది కదా అన్నారు. అమ్మేశానని చెప్పాను. ఎంతకని అడిగారు. అదీ చెప్పాను.

“బేరం బాగానే ఆడినావు,” అన్నారు, వల మీంచి కళ్లెత్తకుండా.

తిడితే బాగుండేది. వలలో ఇంకో ముడి వేసి, నింపిన గడుల జాబితా ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. కొట్టువాడి కొడుకుని, ఏది ఎక్కడ కలిపానో రాసిపెట్టుకోకుండా కలపను. ఆ వానాకాలమంతా ఆదివారాలు, పోయిన మాటలను గుర్తు తెచ్చుకుని రాస్తూ, ఆ అరుగు మీద కూర్చున్నాం. ఏ సంవత్సరంలో బోట్లు ఎప్పుడు బయల్దేరాయో ఆయన తమ్ముణ్ణి పిలిచి మరీ చెప్పించారు. ఖాళీ గడుల దగ్గరకొస్తే కళ్లు మూసుకునేవారు. గుర్తొస్తే కారణం చెప్పేవారు. గుర్తు రాకపోతే ఒకటే మాట.

“ఖాళీగా ఒదిలీ సావుకారూ. తెలీదంటే తెలీదనే ఉండాల.”

రెండేళ్లకు ఆయన పోయారు. ఇప్పుడు మీటర్లు పావుగంటకోసారి వాటంతటవే అంకెలు పంపుతున్నాయి. అవీ ఒక్కోసారి మూగబోతాయి. కుర్ర ఇంజనీర్లు సగటుతో నింపబోతే వద్దంటాను, పక్కన కారణం రాయమంటాను. ముసలాయన చాదస్తం అనుకుంటారు. అలాంటి చాదస్తపు మనిషి పక్కన ఇంకొక్క మధ్యాహ్నం కూర్చుని, గాలి మళ్లేదాకా ఎదురుచూడాలని ఉంటుంది.

చివరి లెక్క ఇది. నేను నింపిన గడులు మూడు వందల పన్నెండు. అన్నింటినీ మళ్లీ ఖాళీ చేశాను. కారణం తిరిగొచ్చినవి నలభై ఒకటి. మిగిలిన రెండు వందల డెబ్భై ఒకటీ ఎందుకు ఖాళీయో చెప్పగల మనిషి లేరు. అమ్మిన పుస్తకాలు ఎనభై నాలుగు కిలోలు. నా బేరం వల్ల అదనంగా వచ్చింది నలభై రెండు రూపాయలు.