నాలుగు దొరతనాలు సూసిన దాలమ్మ

మా పెద్దత్త దాలమ్మ నోరు తెరిస్తే సాలు, "రంగంలో అయితేనా..." అని మొదలెడతాది. రంగూన్ని మా కళింగపట్నంలో రంగం అంటాం లెండి. ఈవిడ మా అత్తకి అక్క. పద్నాలుగో ఏట మొగుడితో ఓడెక్కి ఎల్లిపోనాది. ఆయనకి అక్కడ బియ్యం మిల్లులో పని. ముప్పయ్యేళ్ళు ఒకే వీధిలో ఉండి ఇంగ్లీషోడిని, జపానోడిని, బర్మావోడిని, మూడు దొరతనాలూ సూసినాది. మొగుడు పోనాక, మీ దేశం పొండి అని తరిమేస్తే, పందొమ్మిదొందల అరవై అయిదులో రేకు పెట్టి ఒకటి పట్టుకుని మా గుమ్మంలో దిగినాది. మన దొరతనంతో కలిపి నాలుగు.

మా ఇల్లేటి, ఒక గది, ఒక పంచ. పంచలో ఈవిడ. రెండేళ్ళు! నాను ఎండుసేపలు తిరగేస్తుంటే ఎనకాల నిలబడి, "రంగంలో అయితే ఇలాగ ఆరబెట్టరే" అంటే నాకు ఒళ్ళు మండిపోదా? మంచి మనిసే, కాదనను. ఈ రెండేళ్ళూ నా గుంటలిద్దర్నీ ఎత్తుకుని ఆడించింది ఈవిడే. అయినా ఒక పొయ్యి కాడ ఇద్దరు ఆడోళ్ళు ఎన్నాళ్ళని?

అలాటప్పుడు, రంగం నుండి ఒచ్చినోళ్ళకి ఇంటి జాగాలిస్తాం, ఓడ దిగినప్పటి కాగితం పట్టుకుని తాలూకా ఆపీసుకి రండి అని దండోరా ఏసినారు. నెల గడువు. ఆకరి శనివారం సాయంత్రం అయిదు దాటితే మరి నేదు. పెద్దత్త పెట్టి తీసి, కాగితం ఒళ్ళో ఎట్టుకుని, "ఒసే నీలవేణీ, నాకూ ఒక గుమ్మం ఉంటాదే" అని ఏడ్సినాది. నాకూ ఏడుపొచ్చినాది, అబద్దమెందుకు.

మొదటిరోజు నానూ కూడా ఎల్లినాను. ఆపీసు గుమ్మంలో గంగులని బంట్రోతు, ఎర్ర పటకా అదీ ఏసుకుని నిలబడున్నాడు. పెద్దత్త ఆడి ముందు ఆగి, నడుం రెండుగా మడిసి, నేల సూస్తా వొంగిపోనాది! ఓలమ్మో, నాకు సిగ్గుతో తల తీసేసినట్టయినాది. "ఏటత్తా, ఆడు బంట్రోతు!" అన్నాను. "జపానోడి కాలంలో కాపలావోడికి వొంగకపోతే సెంప పగిలేదే. అలవాటైపోనాది" అన్నాది. గంగులు ఆనందం సూడాల. ఆ తరవాత ఈవిడ ఎప్పుడొచ్చినా మీసం దువ్వుకుని ముందే నిటారుగా నిలబడేవోడు.

లోపలేమో కిటికీ కాడ జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు. గొంతున్నోడిదే అర్జీ. గుమస్తా వేంకటాచలం గారు రెండు సేతుల్తో సెవులు మూసుకుని, "రేపు రండి, రేపు రండి" అంటన్నారు. మేం ఆ రేపులు మూడు సూసినాం.

మూడో రేపు బస్సులో పెద్దత్త లెక్క తీసినాది. "ఇంగ్లీషోడి ఆపీసులో నంబరేసిన రేకు బిళ్ళ ఇచ్చేవోడే. మన మొకం సూడడు, నంబరు సూస్తాడు. తెల్లోడొస్తే మాత్రం వేరే గుమ్మం, ఆడికి బిళ్ళా నేదు, వరసా నేదు. జపానోడి కాడ పని బేగి అయ్యేది, సెంపా బేగి పగిలేది. బర్మావోడు కూకోబెట్టి టీ ఇచ్చేవోడు. నవ్వేవోడు. అలా నవ్వుతానే పొమ్మన్నాడు."

"మరి మనోడో?"

"మనోడు రేపు రా అంటాడు. గానీ ఎంత అరిసినా ఎవుడూ కొట్టడే. అరిసే నోళ్ళకి వరస ఒకటి కావాలంతే."

మర్నాడు ఒడ్డున గవ్వలేరుకొచ్చినాది. పడవలకి పూసే తారుతో వాటి మీద నంబర్లు నాసేతే ఏయించినాది. అయిదో తరగతి సదివినందుకు నాకదీ శిక్ష! వాటిని తట్టలో పోసి గంగులు సేతికిచ్చి, "ముందొచ్చినోడికి ముందు నంబరు, బావూ" అని ఇంకోసారి వొంగినాది. వొంగిన మనిసి మాట ఆడు కాదంటాడా?

వేంకటాచలం గారు మొదట మండిపడ్డారు. "ఇది ఆఫీసా, చేపల బజారా?" అన్నారు. మధ్యాన్నానికి సెవుల మీంచి సేతులు తీసినారు. సాయంత్రానికి ఆయనే "పదిహేడు! పద్దెనిమిది!" అని పిలుస్తన్నారు. మా వంతొచ్చినాది. కాగితం సూసి, "కరణంగారి సంతకం ఏదమ్మా?" అన్నారు.

కరణంగారేమో మేనకోడలి పెళ్ళికెల్లి, తాపీగా ఆకరి శనివారం దిగినారు. సంతకమెట్టించుకుని, బస్సు పట్టుకుని, ఆపీసుకి పడేసరికి మూడు దాటినాది. గంగులు తట్టలో సెయ్యెట్టి గవ్వ తీసినాడు. నలభై. లోపల ఇరవై ఏడో నంబరు నడస్తన్నాది.

పెద్దత్తతో ఒకే ఓడలో ఒచ్చిన అప్పలసూరి ఇరవై తొమ్మిది పట్టుకున్నాడు. "అక్కా, నా గవ్వ తీసుకో. మా తమ్ముడు కరణం కొలువులో ఉన్నాడు, నా పని ఆడు సూసుకుంటాడు" అన్నాడు. ఆడికి తమ్ముడూ నేడు, కరణం కొలువూ నేదు. ఈవిడ తీసుకోనేదు. వేంకటాచలం గారు కిటికీలోంచి సూసి, "దాలమ్మా, గవ్వలు తెచ్చింది నువ్వే కదా, నువ్వు ముందు రా" అన్నారు. అందరూ ఎల్లు ఎల్లు అన్నారు. ఈవిడ కదలనేదు.

"ఇంగ్లీషోడికి వేరే గుమ్మం ఉండేది, బావూ. నాకూ ఒకటి ఎడతావేటి?"

"అత్తా! జాగా పోతాదే!" అని నాను అరిసినాను. జబ్బ పట్టుకుని లాగినాను కూడా. ఎంత తిట్టినానో నాకే తెలీదు. నా పంచ కాళీ అవదనా? కాదు. ఆవిడ ఏడుపు సూసినాను గదా, అందుకు. గోడకానుకుని, గవ్వ పిడికిట్లో ఎట్టుకుని, నిమ్మళంగా నిలబడున్నాది.

ముప్పై నాలుగు పిలిసేసరికి గోడ గడియారం అయిదు కొట్టినాది. గంగులు తలుపెయ్యబోయి ఆగిపోనాడు. వేంకటాచలం గారి బస్సు అయిదుంపావుకి, రోజూ దానికి పరిగెత్తడమే ఆయన పని. లేసి గొడుగు తీసినారు.

"గంగులూ, తట్టలో ఇంకా గవ్వలున్నాయా?"

"ఉన్నాయి బాబూ."

"తరవాతి నంబరెంత?"

"నలభై ఒకటండి."

"ఇలా తే." ఆ గవ్వ బల్ల మీద పెట్టుకుని, గొడుగు మళ్ళీ మేకుకి తగిలించినారు. "ఇది నాది. నా వంతు వచ్చాకే నేను ఇంటికెళ్ళేది. అయిదు లోపు గవ్వ అందుకున్న వాళ్ళంతా ఇవాళ్టివాళ్ళే. ముప్పై అయిదు!"

పెద్దత్త కాగితం మీద ముద్ర పడేసరికి ఆరున్నర. "రేపు రానక్కర్నేదా?" అనడిగినాది. "అక్కర్లేదమ్మా" అని, ఆయన తన గవ్వ తీసి, "నలభై ఒకటి" అని తనకి తనే పిలుసుకుని గొడుగందుకున్నారు.

బస్సులో నాకింకా కోపం తగ్గనేదు. "ఇంతకీ నాలుగిట్లో ఏ దొరతనం మంచిది, సెప్పు" అన్నాను. ఇంక రంగం పురాణం మొదలెడతాదనే అనుకున్నాను. కళ్ళు తుడుసుకున్నాది.

"రంగంలో ఏ దొరా మన వరసలో నిలబడనేదే, నీలవేణీ" అని, నన్ను పక్కకి తోసి కిటికీ కాడ కూకున్నాది.