ఎడమకు లాగే స్టీరింగు

మా చిన్నప్పుడు... అంటే నేను ఐదో తరగతిలో ఉండగా, మారేడ్‌పల్లిలో మా అద్దె ఇంటి కంప్యూటర్ తెర మీద ఎప్పుడూ రెండు కార్లు ఉండేవి. పై సగంలో నాది, కింది సగంలో నాన్నది. నా కారు పరుగెత్తేది. నాన్న కారు బయలుదేరే గీత దగ్గరే నిలబడి ఉండేది...

నాన్నకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని ఆ ఏడే విజయనగరం నుంచి సికింద్రాబాద్ వచ్చేశాం. అపార్ట్‌మెంట్ పిల్లలు నేను "ఏమిటి" అనడానికి "ఏటి" అన్నప్పుడల్లా పగలబడి నవ్వేవారు. వాళ్ళకు ఆ మాట కొత్త, అంతే. కానీ నాకు రోషం ఎక్కువ. నాలుగు రోజులు ఆటలకు కిందికి దిగి, ఐదో రోజు నుంచి మానేశాను.

అది చూసే నాన్న ఒక ఆదివారం నన్ను ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ దుకాణాలకు తీసుకెళ్ళాడు. కార్ల ఆటకు స్టీరింగు కావాలని అంతకు ముందే చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఉన్నాను లెండి. మంచివన్నీ కళ్ళారా చూసి, అన్నింట్లోకీ చవకదాన్ని కొన్నాం. నల్ల ప్లాస్టిక్ చక్రం, కాళ్ళ దగ్గర రెండు పెడల్స్, బల్లకు అతుక్కోవడానికి కింద నాలుగు రబ్బరు కప్పులు...

"ఊడిపోదు కదా బాబూ?" అన్నాడు నాన్న.

"రబ్బరుకు జెర నీళ్ళు పెట్టి ఒత్తుండ్రి సార్, గట్టిగ అతుక్కుంటది. పరేషానే లేదు," అన్నాడు దుకాణం ఆయన.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ పెట్టె నా ఒళ్ళోనే. "స్టీరింగు నీది, కీబోర్డు నాది. ఆదివారం ఆదివారం ఇద్దరికీ పోటీ. ఓడిపోతే ఏడవకూడదు మరి," అన్నాడు నాన్న. ఆ వారమంతా నేను రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఆదివారం వచ్చేసరికి నాన్న ఆఫీసులో కొత్త ప్రాజెక్టు వచ్చిపడింది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే, నేను పడుకున్నాకే రావడం. ఆదివారాలూ అంతే. అయినా నేను ఒక్కరు ఆడే ఆట ఎప్పుడూ పెట్టలేదు... ఇద్దరి ఆటే పెట్టేదాన్ని. నాన్న ఏ క్షణాన వచ్చినా కారు సిద్ధంగా ఉండాలి కదా! ప్రతి చుట్టులోనూ, ఆగి ఉన్న నాన్న కారుకు తగలకుండా పక్కనుంచి జాగ్రత్తగా దాటుకుని వెళ్ళేదాన్ని.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు పెట్టడానికి మాకు స్కూటర్ కూడా లేదు. "బండి లేకపోతే ఏటి, స్టీరింగుంది కదా," అంది అమ్మ. చక్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసింది. రెండు పెడల్స్ కిందా రెండు నిమ్మకాయలు పెట్టి "తొక్కవే" అంది. తొక్కాను... గచ్చంతా నిమ్మరసం! చివర్లో కొబ్బరికాయ కొట్టి, కొత్త కారుకు చేసినట్టే, ఆ నీళ్ళు చక్రం మీద ధారగా పోసింది.

నాన్న ప్రాజెక్టు అమెరికా వాళ్ళది, వాళ్ళకు దసరా ఉండదట. నాన్న ఆ రోజూ ఆఫీసులోనే.

మర్నాటి నుంచి చక్రం తిన్నగా పట్టుకున్నా కారు ఎడమకే లాగేది. లోపలికి కొబ్బరినీళ్ళు పోయాయని నాకు అర్థమైంది. అమ్మ నొచ్చుకుంటుందని తనకు చెప్పలేదు. నాన్నకు చెప్పక్కర్లేదనుకున్నాను... ఆడినప్పుడు ఎలాగూ తెలుస్తుంది. చక్రాన్ని రవ్వంత కుడికి పట్టుకుని నడపడం నేర్చేసుకున్నాను.

ఉగాది కూడా వెళ్ళాక, ఒకరోజు సిటీలో బంద్. కంపెనీ బస్సు రాలేదు. నాన్న లుంగీలో, చేతిలో కాఫీ గ్లాసుతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఇవాళ స్టీరింగు నువ్వు తీసుకో నాన్నా," అని నేనే కీబోర్డు దగ్గరికి జరిగాను.

పోటీ మొదలైంది. నాన్న కారు నేరుగా వెళ్ళి ఎడమ గోడను గుద్దుకుంది. వెనక్కి తీశాడు, మళ్ళీ గుద్దాడు.

"ఏటే అమ్మలూ, ఇది ఎడమకే లాగేస్తంది? కొత్తదే కదా!"

"దసరా నుంచీ అంతే నాన్నా. కొంచెం కుడికి పట్టుకోవాలి."

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. "దసరా నుంచా... మరి నాకు సెప్పలేదేం?"

"నువ్వు ఆడతావు కదా, అప్పుడు తెలుస్తుందిలే అనుకున్నాను."

కోపంతో అన్న మాట కాదది... నిజంగా అలాగే అనుకున్నాను. నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో చక్రాన్ని కుడికి పట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలకు అమ్మ మూడుసార్లు పిలిచినా లేవలేదు. ఆఖరి పోటీలో నేను గెలుపు గీత దాటకుండా ఆగిపోయాను.

"ఎల్లిపోవే, ఎందుకాగావ్?"

"నువ్వు రా నాన్నా."

మర్నాడు బస్సు వచ్చింది. మేమిద్దరం కలిసి ఆడింది ఆ ఒక్కరోజే...

మొన్న నా కారు సర్వీసింగుకు ఇచ్చాను. నడిపి చూసి మెకానిక్ అడిగాడు: "బండి ఎడమకు గుంజుతుంది గదా మేడమ్, ఎన్ని దినాల సంది గిట్ల?" నాకు తెలియలేదు. నా చెయ్యి దానంతటదే కుడికి పట్టుకుంటోంది కాబోలు. ఏడాదిగా రోజూ ఆ కారులో ఒక్కదాన్నే ఆఫీసుకు వెళ్ళొస్తున్నాను... చెప్పడానికి పక్క సీట్లో ల్యాప్‌టాప్ బ్యాగు తప్ప ఎవరున్నారు?

ఇప్పటి ఆటల్లో పక్కన మనిషి లేకపోతే కంప్యూటరే ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచో ఒకరిని తెచ్చి కూర్చోబెడుతుంది. ఎవరి కారూ గీత దగ్గర ఆగి ఉండదు. నాకు మాత్రం ఆ ఆగి ఉన్న కారే గుర్తొస్తోంది ఈ పూట...

మీ ఇంట్లోనూ ఇద్దరి కోసమని కొని, ఒక్కరే ఆడుకున్న వస్తువు ఏదైనా ఉందా?