సవేతా పెద్దమ్మ మూట

మా డ్రైవర్లకు కోటల పేర్లతో పనిలేదు. మాకు కోటలు రెండే రకాలు: ఒకటి బండి పెట్టుకోవడానికి చోటున్న కోట, రెండోది చోటు లేని కోట. ఎవరు కట్టారు, ఎవరు ఎవరి తల నరికారు అన్న సోదంతా గైడు ఒటీలియా చూసుకుంటుంది. పొద్దున్నే మా బ్రషోవ్ పట్నంలో టూరిస్టు జనాన్ని ఎక్కించుకుని కొండెక్కించడం, సాయంత్రానికి భద్రంగా దించడం, అదీ నా పని. నా సీటు పక్కన ఒక మడత సీటు ఉంటుంది. ప్రతి శనివారం దాంట్లో నల్ల తలగుడ్డ కట్టుకుని, ఒళ్ళో ఒక మూట పెట్టుకుని సవేతా పెద్దమ్మ కూర్చునేది. ఆవిడ గురించే చెబుతున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆవేళ మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది.

నాకు పిలుపుకే పెద్దమ్మ, ఒటీలియాకు అత్తగారు. నేను నడిపే బండి ఒకప్పుడు ఆవిడ కొడుకు దోరు నడిపేవాడు. దోరూ ఒటీలియా ఈ బండిలోనే పరిచయమయ్యారు, ఈ బండిలోనే పోట్లాడుకున్నారు, ఆ పోట్లాటలోనే పెళ్ళి కుదుర్చుకున్నారు. తర్వాత ఇల్లు కట్టుకోవాలని దోరు దీన్ని నాకు అప్పజెప్పి, పెద్ద లారీ ఎక్కి జర్మనీ వైపు వెళ్ళిపోయాడు. ఒక చలికాలంలో అక్కడెక్కడో మంచు రోడ్డు మీద లారీలు గుద్దుకున్నాయి. దోరు పెట్టెలో తిరిగొచ్చాడు. ఆ పెట్టెకు సీలు వేసి, తెరవొద్దని చెప్పి పంపారు.

అందరం ఏడ్చాం. పెద్దమ్మ మాత్రం ఏడవలేదు.

"నేను మొహం చూశానా? చూడలేదు. ఏమో, దాంట్లో రాళ్ళు పెట్టారేమో ఎవడు చూశాడు?" అంది. అంతే, ఆ మాట మీదే నిలబడింది. పాదిరి చెప్పినా వినలేదు.

మా వైపు పోయినవాళ్ళ పేరు మీద అన్నం పెట్టాలి. రొట్టె మీద కొవ్వొత్తి వెలిగించి, పేరు చెప్పి, ఇంటివాడు కాని మనిషి చేతికివ్వాలి. వాడు కాదనకూడదు. పుచ్చుకుని 'బొగ్దాప్రోస్తె' అనాలి, దేవుడు వాళ్ళను క్షమించుగాక అని. ఇక్కడ పెట్టింది అక్కడ వాళ్ళకు చేరుతుంది, పెట్టకపోతే పస్తు. ఇవన్నీ మేం నమ్మం అని గొప్పలు పోయేవాళ్ళను చాలామందిని చూశాను, పెట్టకుండా ఉన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. అలాంటిది దోరు పేరు మీద ఒక్క ముద్ద వెళ్ళలేదు. ఒటీలియా ఒకసారి కుండలో పాయసం వండి బయల్దేరితే, పెద్దమ్మ ఒంటికాలి మీద లేచి ఆ కుండ నేలకేసి కొట్టింది. "బతికున్నవాడికి చావు కూడు పెడతావటే!" అని.

ఆ పిల్ల ఒకరోజు బండి మెట్టు మీద కూర్చుని నాతో అంది: "చాటుగా పెట్టొచ్చు తోమా అన్నయ్యా. కానీ కన్నతల్లి వద్దంటుంటే పెట్టింది అతనికి చేరుతుందా? నాకు నమ్మకం లేదు. ఆవిడ చేత్తోనే వెళ్ళాలి." మళ్ళీ తనే, "అతను ఆకలికి అస్సలు ఆగలేడు. నీకు తెలుసుగా," అంది. తెలుసు. రోడ్డు పక్కన వేడి మొక్కజొన్న పొత్తులు కనిపిస్తే టూరిస్టులతో సహా బండి ఆపేసే రకం.

ఇక పెద్దమ్మ మూట. కైమా ఉండలు వేయించినవి, ఉడికించిన గుడ్లు, రొట్టె, చిన్న సీసాలో ప్లమ్ పళ్ళ సారా. ఈ కొండదారి తన కొడుకుదట, దార్లో ఎక్కడో తగులుతాడట, ఆకలి మీద ఉంటాడట. సాయంత్రం ఆ మూట అలాగే ఇంటికి పోయేది. ఒకసారి వాసనకు ఉండబట్టలేక చెయ్యి చాపాను. ఛెళ్ళుమని ఒక్కటిచ్చింది.

"వాడి సీటు ఎక్కి కూర్చున్నావు, చాలలా? మూట కూడా కావాలిరా నీకు?"

ప్రతి శనివారం ఎక్కుతూనే ముందు నా చేత కిటికీ అద్దం మూయించేది. ఎండాకాలమైనా సరే, గాలి కొడితే మెడ పట్టేస్తుందని. వెనక విదేశీయులు చెమటలు కక్కుతుంటే నేను వాళ్ళకు సైగలతో క్షమాపణ చెప్పుకునేవాణ్ణి. తర్వాత అదే మాట చెప్పేది.

"రాత్రి వచ్చాడురా. గుమ్మం దగ్గర నిలబడి, 'అమ్మా, తినడానికేముందే' అన్నాడు. లోపలికి రారా అంటే రాడు. నువ్వే చెప్పు, చచ్చినవాడికి ఆకలేస్తుందా?"

నేను గేరు మార్చేవాణ్ణి.

పెంతెకొస్తు పండక్కి ముందొచ్చే శనివారం. మాకది పెద్దల శనివారం, ఊరూరా పెట్టే రోజు. ఆవేళ ఒటీలియా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇంట్లో మళ్ళీ గొడవైందని అర్థమైంది.

చోటు లేని కోట చేరాం. ఒటీలియా తన పసుపు గొడుగు పైకెత్తి, "ఈ గొడుగు ఎటు వెళ్తే అటు రండి, నా మొహం చూడక్కర్లేదు, గొడుగు చూడండి," అని అందరికీ పాఠం చెప్పి కొండెక్కించింది. ఆ గుంపులో ఒక భారీ మనిషి ఉన్నాడు. పొద్దుటి నుంచి ఒకటే ప్రశ్న: కోటలో దెయ్యాలున్నాయా, రాత్రిళ్ళు తిరుగుతాయా, ఫోటోలో పడతాయా? వాడు కూడా ఊగుతూ గొడుగు వెనక పోయాడు. పెద్దమ్మ ఎప్పటిలాగే తన సీటులో ఉండిపోయింది.

ఇంతలో ఒక మహానుభావుడు తన పెద్ద బస్సు తెచ్చి నా బండి ముక్కుకు ఆనించి పెట్టాడు. నేనూరుకుంటానా? దిగి, వాడి వంశవృక్షం పై నుంచి కింద దాకా చదివాను. వాడు నా వంశం చదివాడు. ఇద్దరం మనసు తేలికపడ్డాక వెనక్కి వచ్చి చూస్తే మడత సీటు ఖాళీ. మూట కూడా లేదు.

ఆ కోట కింద అంతా అడవి. ఆ వసంతంలో ఎలుగుబంట్లు రోడ్డు దాకా వచ్చేస్తున్నాయి. టూరిస్టులు బిస్కెట్లు విసిరి మరిగించారు వెధవలు! పెద్దమ్మ ఒళ్ళో ఉన్నదేమో వేయించిన మాంసం.

"పెద్దమ్మా! సవేతా పెద్దమ్మా!"

చెక్క కత్తులమ్మే అంగడావిడ తల బయటపెట్టి, "నల్ల తలగుడ్డ ముసలమ్మేనా? ఒకడు నీలం కోటు వేసుకుని దిగువ దారిన అడవిలోకి పోతుంటే వాడి వెనకాలే పడి పోయింది. పిలిచినా ఆగలేదు," అంది.

నీలం కోటు. దోరుకు ఒకటుండేది, చలికీ ఎండకూ అదే వేసుకునేవాడు. నాకంతా తెలిసిపోయింది.

అప్పుడే ఒటీలియా గుంపుతో దిగి వచ్చింది. నా మొహం చూసి ఆగిపోయింది.

"అన్నయ్యా, అత్తయ్యేదీ?"

"నీలం కోటు వెనకాల... అడవిలోకి... నేను అటు తిరిగి పోట్లాడుతున్నానమ్మా..."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "దేవుడా, ఈవిణ్ణి కూడానా?" అంది, అంతే. చేతిలో గొడుగు చేతిలోనే ఉంది, అలాగే అడవి దారి పట్టుకుని పరుగు లంకించుకుంది. పొద్దుటి నుంచి పాఠం బాగా వంటబట్టిన గుంపు గొడుగు ఎటు పోతే అటు, కెమెరాలూ సంచులతో సహా ఆమె వెనక పరుగెత్తింది. భారీ మనిషి కూడా! ఆపడానికి నాకు టైమెక్కడిది? నేను ఏటవాలు అడ్డదారిన పడి జారుకుంటూ దిగాను. ఆవిడకేమైనా అయితే ఒటీలియా ఇంక కోలుకోదు. దోరుకు ఆ ముద్ద పెట్టాల్సిన చెయ్యే ఉండదు. అదొక్కటే బుర్రలో గింగిరాలు తిరుగుతోంది.

చెట్లు అయిపోయేసరికి కొండ కింది ఊళ్ళో గంట వినబడింది. చర్చి ఆవరణలో ఆపిల్ చెట్ల కింద పొడుగాటి బల్లలు వేసి ఉన్నాయి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. నేను రొప్పుతూ గేటు తోశానో లేదో ఒకావిడ అడ్డం వచ్చి, చెర్రీలు నింపిన మట్టి ముంతా, దాని మీద రొట్టే, వెలిగించిన కొవ్వొత్తీ నా చేతిలో పెట్టేసింది.

"నా పెనిమిటి ఆత్మకు, బాబూ."

"అది కాదమ్మా, నేను మా ముసలావిణ్ణి..."

"పుచ్చుకో ముందు!"

కాదనడానికి లేదు. "బొగ్దాప్రోస్తె," అన్నాను. వెలుగుతున్న కొవ్వొత్తి చేత్తో పట్టుకుని ఎవడైనా అరవగలడా? అరుపు గొంతులోనే మింగేసి నాలుగువైపులా చూశాను.

బల్ల చివర మా పెద్దమ్మ! దర్జాగా కూర్చుని ఉంది, ముందు చారు గిన్నె, ఒళ్ళో మూట. పోయిన ప్రాణం లేచొచ్చింది. గోడకు ఆనుకున్నాను. దారిన పోయే దిక్కులేని ముసలమ్మ అనుకుని పిలిచి కూర్చోబెట్టినట్టున్నారు. ఆ రోజు దారిన పోయేవాళ్ళే కదా కావాల్సింది. నీలం కోటు మనిషి ఎదురుగా కూర్చుని కైమా కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు లాగిస్తున్నాడు. బట్టతల, బోడి మూతి. దోరు పోలిక మచ్చుకైనా లేదు.

పెద్దమ్మ పక్కనున్న ఊరావిడ చెబుతోంది: "ఆ కోటు నా కొడుకుదమ్మా. వాడి పేరు మీద నేనే ఆ పొరుగాయన చేతిలో పెట్టాను. వాడు ఏట్లో కొట్టుకుపోయాడు. మాకు పెట్టె కూడా రాలేదు."

"మరి పోయాడని నీకెలా తెలుసు? ఎక్కడో ఒడ్డెక్కాడేమో," అంది పెద్దమ్మ కటువుగా.

"మొదట్లో నేనూ అలాగే అనుకుని ఏమీ పెట్టలేదు. రోజూ కల్లోకి వచ్చి తడిబట్టలతో గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఆకలే అమ్మా అనేవాడు. రమ్మంటే లోపలికి వచ్చేవాడు కాదు."

పెద్దమ్మ చెంచా కింద పెట్టింది.

"ఎందుకు రాడు?"

"బతికున్నవాడైతే తలుపు తోసుకుని వచ్చి, మూత తీసుకుని తినేస్తాడమ్మా, అమ్మ ఇల్లే కదా. గుమ్మం దగ్గర నిలబడేది పోయాక మనం పెట్టనివాడే. నా బిడ్డ అన్నాళ్ళు పస్తున్నాడు, నా మొండితనం వల్ల."

పెద్దమ్మ ఆ మూట ముడి మీద వేళ్ళు కదుపుతూ ఉంది. అప్పుడొచ్చింది ఒటీలియా, జుట్టంతా ఆకులతో, గొడుగు ఎత్తిపట్టుకునే. వెనక రొప్పుతూ గుంపు. ఊరివాళ్ళు మహా సంబరపడిపోయారు. ఇంతమంది పరాయివాళ్ళు ఒక్కసారిగా ఎప్పుడు దొరికారు గనక! తలా ఒక ముంత పెట్టారు. దెయ్యాల మనిషి కొవ్వొత్తి పట్టుకుని, మొదటిసారి ఏమీ అడక్కుండా నిలబడ్డాడు.

ఒటీలియా పెద్దమ్మను వాటేసుకుంది. "ఎక్కడికి పోయావత్తయ్యా! నన్ను చంపేద్దామనుకున్నావా? చెప్పి వెళ్ళకూడదా?"

"ఊపిరాడనివ్వవే. పోలేదుగా, ఇక్కడే ఉన్నాగా," అంది పెద్దమ్మ. తర్వాత కోడలి జుట్టులోంచి ఆకు ఒకటి తీసి, నెమ్మదిగా అడిగింది: "కొవ్వొత్తి ఉందటే నీ దగ్గర?"

ఒటీలియా సంచిలో ఉంది. పొద్దున గొడవ దానికే. తీసిచ్చింది.

పెద్దమ్మ మూట విప్పింది. రొట్టె తీసి కొవ్వొత్తి గుచ్చి, ఊరావిడ దీపంతో వెలిగించింది. మాంసం ఉండలు, గుడ్లు, సారా సీసా అన్నీ గుడ్డ మీద సర్దింది. చుట్టూ చూసింది. పోయినవాడి ఈడు మగవాడికిస్తే మంచిదంటారు. ఆవిడ చూపు నీలం కోటు మీద ఆగలేదు, టూరిస్టుల మీదా ఆగలేదు.

"ఒరేయ్ తోమా. ఇలా రా."

ఏడాదిపైగా పక్కన కూర్చుంది, నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. వెళ్ళాను.

"వాడి సీటులో కూర్చునేది నువ్వేగా. పట్టుకో," అంది. "నా కొడుకు దోరు ఆత్మకు."

రెండు చేతులా పుచ్చుకున్నాను. ఒటీలియా పక్క నుంచి, "అను అన్నయ్యా, అను," అంది ఏడుస్తూ. అన్నాను. అనగానే ఆ పిల్ల గడ్డి మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దమ్మ కూడా పక్కన చతికిలబడి ఏడ్చింది, గట్టిగా, దోరును పేరుపెట్టి పిలుస్తూ. ఎవరూ ఓదార్చలేదు. ఏడవాల్సిన ఏడుపే అది.

అక్కడే గోడ మీద కూర్చుని ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాను. సారా మాత్రం సాయంత్రం ఇంటికెళ్ళాక తాగాను, బండి నడపాలిగా. ఆ రోజు చూడాల్సిన రెండో కోట చూడలేదని టూరిస్టులు ఎవరూ గొడవ చెయ్యలేదు.

తర్వాతి శనివారం పెద్దమ్మ మళ్ళీ ఎక్కింది. ఒళ్ళో మూట లేదు. ఊరు దాటేదాకా చూశాను, ఆ మాట ఎత్తలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"పెద్దమ్మా, రాత్రి వచ్చాడా?"

ఆవిడ ముందున్న కొండల వంక చూస్తూ తలగుడ్డ సర్దుకుంది.

"రాలేదురా. కడుపు నిండినవాడు ఎందుకొస్తాడు? ఆ అద్దం మూయి, గాలి కొడుతోంది."